కొండబాటలో కడపటివారు
(మా కేంద్రము నుండి ప్రసారమైన ప్రసంగ పాఠము)

కార్తీకము వచ్చినదనగా మైదుకూరు నాలుగుదారుల కూడలిలో తెల్లవారుజామున ఒక దృశ్యము తరచు కనబడుచుండును. బాడుగకు పిలిచిన వ్యాను ఒకటి దీపములు వెలిగించుకొని నిలిచియుండును. చిత్రాన్నము మూటలు, నీళ్ళ డబ్బాలు, చాపలు లోనికెక్కుచుండును. పిల్లలు కిటికీ ప్రక్క చోటుకై తగవులాడుచుందురు. ఇంటి అవ్వను ముందరి సీటులో కూర్చుండబెట్టుదురు. ఆ బండి ఉత్తరముగా చాగలమర్రి, ఆళ్ళగడ్డల మీదుగా అహోబిలమునకు పోవచ్చును. దక్షిణముగా కడప దాటి తిరుమలకు పోవచ్చును. ఎటు పోయినను, బండి ఆగినచోట కొండ మొదలగును. అందులో పదిమంది యున్నచో ఇరువది కాళ్ళున్నవి. ఆ ఇరువది కాళ్ళకును ఒకే బలము లేదు. ఈ చిన్న సంగతిని బండి కదలకముందే తలచుకొనువారు మాత్రము అరుదు.

మనము యాత్రకు పోవునప్పుడు బాడుగ ఎంత, భోజనమెక్కడ, బస ఎక్కడ అని పదిసార్లు విచారింతుము. ఎవరు ఎంత దూరము నడువగలరని ఒక్కసారియైనను విచారింపము. "అందరును పోవుచున్నారు గదా, మనమును పోదము" అని పెద్దలనుకొందురు. "పెద్దవారు మెల్లగా వచ్చెదరులే" అని పిన్నలనుకొందురు. ఈ రెండు మాటల నడుమనే కొండమీది కష్టములన్నియు పుట్టుచున్నవి.

మన రైతునకు ఈ విషయములో కొత్తగా చెప్పవలసినది లేదు. జోడెడ్లలో ఒకటి బలముగలది, ఒకటి బక్కది యైనప్పుడు అతడు బక్కయెద్దును ములుకోలతో పొడిచి పరుగెత్తింపడు. కాడి నడుమ కట్టిన కట్టును బలమైన యెద్దు వైపునకు కొంచెము జరుపును. అంతటితో బరువులో ఎక్కువపాలు బలమైనదాని మెడకు చేరును. రెండును కలిసి చాలు దున్నును. ఈ న్యాయమునే మనుష్యుల నడకకును పట్టించుట ఎట్లో నేడు విచారింతము.

ముందుగా మేము చేసిన పొరపాటు నొకదానిని చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట మైదుకూరు బంధువులతో కలిసి మేము పదునొకండుగురము అహోబిలము పోయితిమి. మాలో డెబ్బదికి చేరువైన మేనత్త యొకరు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. చక్కెర వ్యాధిగల మామ యొకరు. కళాశాలలో చదువు కుర్రవాండ్రిద్దరు, తొమ్మిదేండ్ల పిల్ల యొకతె, తక్కినవారము నడివయసువారము. ఎగువ అహోబిలములో దర్శనము చేసికొని జ్వాలా నరసింహుని సన్నిధికి నడక మొదలుపెట్టితిమి. కుర్రవాండ్రు బరువు మోయగలరని నీళ్ళ సంచి వారి భుజమున వేసితిమి. అరగంటలో వారు కనుమరుగైరి. వారితోబాటు నీళ్ళును కనుమరుగైనవి. తక్కినవారము రెండు గుంపులుగా విడిపోతిమి.

పైకి చేరి లెక్క చూచుకొనగా మేనత్త లేదు. ముందరి గుంపువారు ఆమె వెనుకటి గుంపులో నున్నదనుకొనిరి. వెనుకటివారు ఆమె ముందరివారితో పోయినదనుకొనిరి. మేము దిగివచ్చి వెదకగా, వాగు దాటుచోట బాటకు కొంచెము ఎడమగా ఒక బండరాతి నీడను ఆమె కూర్చుండియుండెను. రెండు గంటలకు పైగా ఒంటరిగా, గుక్కెడు నీళ్ళైనను లేక కూర్చున్నది. మమ్ము చూచి ఆమె కోపపడలేదు. "మీకు ఆలస్యమవుతాదని పిలవలేదు నాయనా" అనెను. అది నల్లమల, పెద్దపులి, చిరుత తిరుగు అడవి. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల మాకు ఇప్పటికిని సిగ్గు కలుగుచున్నది. ఆమె నొప్పిని దాచినది. మేము లెక్కను మరచితిమి. ఇందులో దోషము ఆమె కాళ్ళది కాదు, మా యేర్పాటుది.

నాటినుండి మేము గమనించిన ముఖ్యవిషయ మొకటి యున్నది. వేగముగా నడచువారు ఒకచోట ఆగి వెనుకటివారి కొరకు కాచుకొందురు. పది నిమిషములు కూర్చుందురు, నీళ్ళు త్రాగుదురు, ముచ్చటలాడుదురు. అంతలో కడపటివారు రొప్పుచు వచ్చి చేరుదురు. చేరగానే ముందరివారు "అందరును వచ్చినారు, ఇక పదండి" అని లేచుదురు. ఫలితమేమి? బలవంతునకు పది నిమిషముల విశ్రాంతి దొరకినది. బలహీనునకు ఒక్క నిమిషమైనను దొరకలేదు. ఇట్లు నాలుగుసార్లు జరిగినచో ముందరివారు హాయిగా నుందురు, కడపటివారు కూలబడుదురు. దీనికి మందు చాల సులభము. విశ్రాంతి కాలమును కడపటివారు వచ్చి కూర్చున్న క్షణమునుండి లెక్కింపవలెను. ఆ పది నిమిషములును వారివి. ముందు వచ్చినవారికి దొరకినది అదనపు లాభము. ఈ యొక్క నియమమును పాటించినచో కొండ సగము చదునైనట్లే.

ఇక కాలపు లెక్క. 1892వ సంవత్సరములో స్కాట్లండు దేశపు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సులభసూత్రమును చెప్పెను. చదునునేలపై గంటకు 3 మైళ్ళ చొప్పున కాలము లెక్కించి, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగుల ఎత్తునకు మరియొక గంట చేర్చుకొనుమని ఆయన చెప్పినాడు. మన కొలతలలో దాదాపుగా గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తునకు ఒక గంట. ఇది ఆరోగ్యవంతుడైన, అలవాటుగల నడకరికి చెప్పిన లెక్క. విశ్రాంతి ఇందులో చేరలేదు. మన వ్యానులోని పదిమందికి దీనిని రెట్టింపు చేసికొనుట మేలు.

ఒక బాట 4 కిలోమీటర్ల పొడవు, 300 మీటర్ల ఎత్తు గలదనుకొందము. సూత్రము ప్రకారము దూరమునకు 48 నిమిషములు, ఎత్తునకు 30 నిమిషములు, మొత్తము 78 నిమిషములు. రెట్టింపు చేసినచో 2 గంటల 36 నిమిషములు. నడుమ రెండు విశ్రాంతులు కలుపుకొన్న మూడు గంటలు. ఉదయము 8 గంటలకు బయలుదేరినవారు 11 గంటలకు పైకి చేరుదురు. ఒక గంట అచ్చట గడిపి 12 గంటలకు మరలినచో, దిగుటకును మూడు గంటలు వేసికొనగా, 3 గంటలకు క్రిందనుందురు. చలికాలమున మన ప్రాంతములో సాయంకాలము 6 గంటలు కాకముందే పొద్దు గ్రుంకును. అనగా ఒకరి కాలు బెణికినను, ఒకరికి కళ్ళు తిరిగినను సర్దుకొనుటకు రెండున్నర గంటలకు పైగా మిగులును. ఆ మిగులే యాత్రకు ప్రాణరక్షణ. పదిగంటలకు కాఫీ త్రాగి తీరికగా బయలుదేరువారు ఈ మిగులునే త్రాగివేయుచున్నారు.

దూరము తక్కువైనచో శ్రమ తక్కువ యనుట మరియొక భ్రమ. తిరుమలకు నడకదారులు రెండున్నవి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారిమెట్టు దారి 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. చిన్నదారి యని ముసలివారిని శ్రీవారిమెట్టుకు తీసికొనిపోవువారు కలరు. లెక్క చూడుడు. అలిపిరి దారిలో ప్రతి 100 మీటర్లకు సగటున 39 మెట్లు. శ్రీవారిమెట్టులో 114 మెట్లు. చిన్నదారి దాదాపు మూడురెట్లు నిక్కపొడుచుకొని యున్నదన్నమాట. పొడుగుదారిలో నడుమ నడుమ చదును వచ్చును, ఊపిరి తిరుగును. చిన్నదారిలో ఆ వెసులుబాటు తక్కువ. ఆరోగ్యము చాలనివారు అసలే నడువవలెనా యనునది వేరొక ప్రశ్న. గుండెజబ్బు, రక్తపుపోటు, చక్కెర వ్యాధి, ఉబ్బసము, కీళ్ళవ్యాధి గలవారును, అరువదేండ్లు దాటి దీర్ఘవ్యాధులున్నవారును కాలినడకన రాకుండుట మేలని తిరుమల తిరుపతి దేవస్థానమువారే 2024లో సూచించియున్నారు. నడువలేకపోవుట భక్తిలో కొరత కాదు.

మరి అందరును కలిసి పోవుట ఎట్లు? ఇందుకు అహోబిలమువంటి క్షేత్రము మంచి పాఠము నేర్పును. అచ్చటి నవనారసింహ సన్నిధులు ఒకే కష్టముతో చేరునవి కావు. దిగువ అహోబిలము దగ్గరనున్న ఛత్రవట, యోగానంద సన్నిధుల వరకు బండి పోవును. దిగువకును ఎగువకును నడుమ 8 కిలోమీటర్ల రోడ్డున్నది. కారంజ నరసింహుడు ఆ రోడ్డు ప్రక్కనే యున్నాడు. ఎగువ ఆలయము వరకును బస్సే వచ్చును. అక్కడినుండి వరాహ సన్నిధికి భవనాశిని వెంట సుమారు ఒక కిలోమీటరు నడక. జ్వాలా నరసింహునికి సుమారు 4 కిలోమీటర్లు. రాళ్ళు, మెట్లు, వాగులు, పైనుండి పడు నీటివలన జారుడు. ఆపైన ఉగ్రస్తంభము, అది బలమును, అలవాటును గలవారికే తగినది.

అనగా ఈ కొండ తానే మెట్లు మెట్లుగా పంచుకొని యున్నది. మనము చేయవలసినదెల్ల ఆ మెట్లను ముందుగా ఇంటివద్దనే మనుష్యులకు సరిచూచుకొనుట. మొదటి రోజు అందరును కలిసి బండి పోవు సన్నిధులన్నియు చూడవలెను. రెండవ రోజు ఉదయము అందరును ఎగువ ఆలయము చేరవలెను. అచ్చటినుండి అవ్వయు, ఆమెకు తోడుగా నొకరును వరాహ సన్నిధి వరకు పోయి మరలుదురు. లేదా ఆలయమువద్దనే యుందురు. తక్కినవారు జ్వాలకు పోవుదురు. పట్టుదలగల కుర్రవాండ్రు దారి తెలిసినవానిని వెంటబెట్టుకొని ఉగ్రస్తంభమునకు పోవుదురు. మధ్యాహ్నము అందరును ఒకేచోట భోజనమునకు కూడుదురు. ఇందులో ఎవరును "సగములో ఆగిపోయినవారు" కారు. ఎవరి గమ్యమును వారు చేరినవారే. పెద్దవారు జ్వాలను చూడవలెనని కోరినచో డోలీ మోయువారు దొరకుదురు. బేరమును బయలుదేరకముందే తేల్చుకొనవలెను, అలసిపోయి బండమీద కూలబడిన తరువాత కాదు. అడవిదారి గనుక అటవీశాఖవారి అనుమతులను, వేళలను ఆనాటికి విచారించి తెలిసికొనవలెను.

విడిపోవుటకును ఒక నియమము కావలెను. ఎవరు ఎవరితోనున్నారో పేరు పేరున చెప్పుకొని విడిపోవలెను. ఒంటరిగా నెవరును మిగులరాదు. ఒంటరిగా నెవరును వెనుకకు మరలరాదు. మరలువేళను ముందే నిర్ణయించుకొనవలెను. 12 గంటలని చెప్పుకొన్నచో, సన్నిధి ఇంకను రెండు వందల గజములే యున్నను 12 గంటలకు మరలవలసినదే. సెల్ ఫోను ఉన్నది గదా యని ధైర్యపడరాదు. లోయలలో దానికి సంకేతము అందకపోవచ్చును. ముందుగా చెప్పుకొన్న మాటకు సంకేతముతో పనిలేదు.

నడకలో వరుస యెట్లుండవలెను? మన కొండల మేకలకాపరులను చూడుడు. మందకు ముందొకడు, వెనుకొకడు నడచును. వెనుకటివాడు కుంటిదానిని అదలించడు. ఈనిన పిల్లను చంకబెట్టుకొని వచ్చును. మన గుంపులోను బాట తెలిసినవాడు ముందు నడువవలెను. అతనికి వెంటనే మెల్లగా నడచువారిని నిలుపవలెను. అప్పుడు వేగమును నిర్ణయించువారు వారే యగుదురు. అందరిలోను బలము, ఓర్పుగలవాడు కడపట నడువవలెను. అతని వెనుక నెవరును ఉండరాదు. అతడు వచ్చిచేరువరకు లెక్క పూర్తికాలేదన్నమాట. ప్రతి మలుపువద్దను, ప్రతి వాగువద్దను ముందువాడు ఆగి వెనుకటివారిని కంటితో చూచి కదలవలెను.

పిల్లల సంగతిలో ఈ నియమము మరింత కఠినముగా నుండవలెను. పిల్లలకు అలుపు తెలియదు, భయము తెలియదు. ముందుకు పరుగెత్తుట వారి స్వభావము. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో తలిదండ్రులతో నడచివచ్చుచు వారికి కొంచెము ముందుగా పోయిన ఆరేండ్ల బాలిక చిరుతపులికి బలియైనది. ఆ ఘోరము తరువాత పదునైదేండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల పిమ్మట ఆ దారిని పోనీయరాదని దేవస్థానమువారు నిర్ణయించిరి. తక్కినవారిని గుంపులుగా నడువుమనిరి. పిల్ల చేయి పెద్దవారి చేతిలో నుండవలెను. ముందుపోవు పిల్లవానిని "చురుకైనవాడు" అని మెచ్చుకొనుట మానవలెను.

బరువును పంచుటలో కాడికట్టు న్యాయమును తలచుకొనుడు. బలముగలవానికి బరువిచ్చుట సరియే. కాని నీళ్ళు, మందులు మాత్రము ప్రతివారి దగ్గర వారివి వారికి ఉండవలెను. చక్కెర వ్యాధిగలవారు మందు వేసికొని తిండి మాని నడువరాదు. చెమట, వణుకు, మాట తడబాటు కనబడినచో వెంటనే కూర్చుండబెట్టి చక్కెర గాని బెల్లము గాని నోటికందీయవలెను. రొమ్ము బిగియుట, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుట కనబడినచో ఇక పైకొక్క అడుగైనను వేయింపరాదు. సహాయము పిలిపించి, మోసికొనియైనను క్రిందికి దింపి వైద్యునికి చూపవలెను. వేగము సరియైనదో కాదో తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు. నడచుచు మాటలాడగలిగినచో వేగము సరిపోయినది. ఒక వాక్యము పూర్తిచేయుటకు రెండుసార్లు ఊపిరి పీల్చవలసివచ్చినచో తగ్గింపవలెను.

దిగుట సులభమని తలచుటయు పొరపాటే. దిగునప్పుడు మోకాలిమీద పడు భారము ఎక్కునప్పటికంటె అధికము. ఎక్కుట ఊపిరికి పరీక్ష, దిగుట మోకాళ్ళకు పరీక్ష. కావున ఒకరి బలములో సగమునే ఎక్కుటకు ఖర్చు చేయవలెను. దిగుచోట చేతికర్ర యొకటి, మడమ కదలనీయని చెప్పు లేక బూటు ఒకటి, పదిమంది ధైర్యవచనములకంటె మేలుచేయును.

ఇన్ని చెప్పినను అన్నిటికంటె కష్టమైనది మరియొకటి మిగిలియున్నది. అది మాట. మన ఇండ్లలో పెద్దలు నొప్పిని చెప్పరు. చెప్పినచో తమ్మును ఇంట విడిచిపోవుదురని భయపడుదురు. "నీవు నడువగలవా?" అని అడిగినచో "నడుస్తాలే" యనియే బదులు వచ్చును. కావున ప్రశ్నను మార్చవలెను. "అత్తా, నీవు ఎంతవరకు వచ్చెదవు? మేము ఎక్కడ కలిసికొనవలెను?" అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు పరువు అడ్డమువచ్చును. రెండవదానికి నిజము బయటికి వచ్చును. బయలుదేరుటకు నెలముందు ఇంటివారందరును కలిసి రెండు మూడు దినములకొకసారి సాయంకాలము గంటసేపు నడచినచో, ఎవరి శక్తి యెంతో ఎవరును అడుగకయే తెలియును.

అన్నమయ్య కథను మన ప్రాంతమున తెలియనివారు లేరు. తాళ్ళపాకనుండి బాలుడుగా యాత్రికులతో కలిసి పోయి, తిరుమల దారిలో మోకాళ్ళపర్వతము దగ్గర ఆకలితోను, అలసటతోను సొమ్మసిల్లెనని పెద్దలు చెప్పుకొందురు. అప్పుడు అలమేలుమంగమ్మయే పెద్దముత్తైదువగా వచ్చి ప్రసాదము పెట్టి, చెప్పులు విడిచి నడువుమని దారి చెప్పినదట. కథలోని మహిమ అట్లుండనిండు. ఆ యాత్రికుల గుంపు ముందుకు సాగిపోవగా, కడపట కూలబడినవాడే తరువాత తరతరములకు పాట నిచ్చెను. కడపటివారిలో ఎవరున్నారో మనకు తెలియదు.

మేము మరుసటియేడు మరల అహోబిలము పోయితిమి. ఈ మారు మేనత్త తన గమ్యమును తానే నిర్ణయించుకొనెను: వరాహ సన్నిధి. అందరమును ఆమె వెనుకనే ఆమె నడకనే నడచితిమి. ఆమె మూడుచోట్ల కూర్చుండెను. మూడుచోట్లను ఆమె లేచినపుడే మేము లేచితిమి. కుర్రవాండ్రిద్దరు మాత్రము అచ్చటినుండి జ్వాలకు పోయి, చెప్పిన వేళకు తిరిగివచ్చిరి. మధ్యాహ్నము ఎగువ ఆలయము దగ్గర చిత్రాన్నము మూట విప్పినపుడు లెక్క చూచితిమి: పదునొకండుగురము. మేనత్త నవ్వి, "ఈ తూరి నన్ను యాడా మరిచిపోలేదే" అనెను. ఆ యాత్రలో మేమెక్కిన కొండ చిన్నది. అయినను దానినే మేము పూర్తిచేసిన యాత్రగా చెప్పుకొనుచున్నాము.